కౌలాలంపూరులో మేనకోడలి పెళ్లి: ఏం తీసుకుపోవాల, ఏం ఇక్కడే వదలాల?

కొర్లగుంట కోడలు:

అందరికీ నమస్కారం. తిరుపతి నుంచి రాస్తా ఉన్నా. మలేషియా పోయొచ్చినోళ్లు, అక్కడ ఉంటా ఉన్నోళ్లు కాస్త చెప్పండి.

మా ఆయన వాళ్ల అక్క కాపురానికి పోయినప్పటి నుంచి కౌలాలంపూరులోనే ఉంది. ఇప్పుడు ఆమె కూతురి పెళ్లి, కార్తీకమాసంలో, అక్కడే ఒక హాల్లో. పెళ్లికొడుకు వాళ్లు మలేషియా తెలుగోళ్లు. ముత్తాతల కాలంలో శ్రీకాకుళం పక్క నుంచి రబ్బరు తోటల పనికి పోయిన కుటుంబమంట. మా ఆయన ఒక్కడే మేనమామ. పెళ్లికూతుర్ని గంపలో కూర్చోబెట్టి పీటల మీదికి తెచ్చేది ఆయనే, పట్టుచీర పెట్టేది మేమే, బంగారు గాజులు తొడిగేది మేమే. కాబట్టి అందరం కదలతా ఉన్నాం. మేమిద్దరం, పిల్లలిద్దరు, మా అత్త.

ఇంట్లో రోజూ తగువే. అక్కడ ఎండా ఉక్కా ఎక్కువంట, అత్తకి డెబ్బై దాటినాయి, బీపీ ఉంది, షుగరుకు రెండు పూటలా ఇన్సులిన్ వేసుకుంటుంది, ఎట్లా తట్టుకుంటుందో అని నేనంటే, మా ఆయన నవ్వతాడు. "మే నెలలో 43 డిగ్రీల్లో గాంధీ రోడ్డంతా చెప్పుల్లేకుండా తిరిగినోళ్లం. అక్కడ 33 అంట. మనకది సంక్రాంతి" అంటాడు. ఆయన మాట నమ్మి నూలు చీరలు తీసి పట్టుచీరలే సర్దమంటారా?

అత్తకి ఎండ దిగులు లేదు, సారె దిగులు. ఆమె చెప్పతా ఉంటే నేను రాసిన జాబితా ఇది. ఎండు కొబ్బరి చిప్పలు ఒక సంచి, పసుపు కొమ్ములు, వక్కలు, తమలపాకులు, తోరణానికి మామిడాకులు, కనకాంబరాలు, హారతి కర్పూరం, నిప్పట్లు, కజ్జాయాలు, శ్రీవారి లడ్లు, మామిడికాయ ఊరగాయ, చింతకాయ తొక్కు. ఇవన్నీ అయినాక, వెదురు గంప. కూతురు ఉండే దేశంలో గంప దొరకదని ఆమె నమ్మకం. పిల్ల కూర్చునేంత గంపను విమానంలో ఎట్లా పెడతారు అని నా కొడుకు అడిగితే, "బస్సు మీద వేస్తారు కదరా, అట్లే" అనింది.

ఇంకొకటి. మా అయ్యవారు లగ్నపత్రికలో ఉదయం 9 గంటల 12 నిమిషాలకు, ధనుర్లగ్నం అని రాసిచ్చినారు. అక్కడ గడియారం మనకంటే రెండున్నర గంటలు ముందు కదా. మా వదిన 11:42 అని శుభలేఖలో వేయించేస్తా అంటా ఉంది. ఇంకా అచ్చుకు ఇవ్వలేదు. అట్లా కలిపేస్తే సరిపోతుందా?

వీసా, బంగారం సంగతి కూడా ఎవరికైనా తెలిస్తే చెప్పండి. టికెట్లు ఇంకా తీయలేదు. చెన్నై నుంచే పోవాల. మన రేణిగుంట ఎయిర్‌పోర్టుకు పేరులో ఇంటర్నేషనల్ ఉంది గానీ మనకు పనికొచ్చే విమానం లేదు.

క్లాంగ్‌లో చిత్తూరోడు:

అక్కా, నాది పలమనేరు పక్కన పల్లె. క్లాంగ్‌లో ఉద్యోగం, కౌలాలంపూరుకు పక్క ఊరే.

ముందు బావ సంగతి తేలుద్దాం. 43 చూసిన మనిషికి 33 లెక్కలేదు అనిపిస్తుంది. నేనూ ఎంతోమంది మన పక్క వాళ్లను ఎయిర్‌పోర్టు నుంచి తెచ్చినా, బయటికొచ్చిన ఐదు నిమిషాలకే చొక్కా వీపుకు అంటుకుంటుంది, మాట పడిపోతుంది. మన మే నెలలో గాలి పొడిగా ఉంటుంది. చెమట పట్టీపట్టకముందే ఆరుతుంది, ఆరతా ఆరతా ఒంటి వేడిని తీసుకుపోతుంది. వేపచెట్టు నీడన నిలబడితే ప్రాణం లేచొస్తుంది. ఇక్కడ గాలి నిండా తేమే. చెమట ఆరదు, కారతానే ఉంటుంది. నీడకు పోయినా అంతే, పొద్దుగూకినా అంతే. ఏడాది పొడుగునా పగలు 32, 33, రాత్రి 24 దగ్గర. ఎండాకాలం చలికాలం అనే మాటే లేదు ఇక్కడ. ఈశాన్య వానలు పట్టేముందు చెన్నైలో ఉక్క ఉంటుంది చూడండి, అదే పన్నెండు నెలలూ అనుకోండి.

పెద్దామెకు దీనివల్ల ఏమవుతుందంటే, దాహం తెలియకుండానే ఒంట్లో నీళ్లు పోతాయి. బీపీ మాత్రల్లో కొన్ని మూత్రం ఎక్కువ పోయేటట్టు చేసేవి ఉంటాయి. ఆమెవి అటువంటివేమో బయలుదేరకముందే డాక్టరును అడగండి. ఇన్సులిన్ టైము కూడా అప్పుడే అడగండి, రెండున్నర గంటలు ముందుకు జరగాల కదా. ఇన్సులిన్ ఎప్పుడూ చేతి సంచిలోనే పెట్టుకోవాల. కింద సామానుతో వేస్తే అక్కడి చలికి గడ్డకట్టే ప్రమాదం ఉంది, గడ్డకట్టిన మందు మళ్లీ పనికిరాదు. డాక్టరు చీటీ ఇంగ్లీషులో పెట్టుకోండి, అన్ని మందులకూ.

నవంబరులో ఇక్కడ వానలు జోరు. చాలా రోజులు మధ్యాహ్నం మూడు నాలుగు గంటలప్పుడు ఉరుములతో కుమ్మేసి, దీపాలు పెట్టే వేళకు ఆగుతుంది. కాబట్టి తిరిగేది ఏదున్నా పొద్దున్నే తిరగండి. ఉతికిన బట్టలు బాల్కనీలో వేస్తే ఒక రోజులో ఆరతాయని నమ్మొద్దు. పలచటి నూలు చీరలు నాలుగు ఎక్కువే పెట్టుకోండి. పట్టుచీర మాత్రం హాలుకు పోయినాక అక్కడ గదిలో కట్టుకోండి, ఇంట్లో కట్టుకొని కారెక్కితే దిగేసరికి మడతలన్నీ తడిసి ముద్ద. అయితే హాలు లోపల సంగతి దీనికి తలకిందులు. ఏసీ ఎంత పెడతారంటే ముసలోళ్లు వణుకుతారు. అత్తకి ఒక శాలువా, మేజోళ్లు తప్పకుండా పెట్టండి. ఉక్క కంటే ఈ ఏసీకే జలుబు చేసి పడుకున్నోళ్లు ఎక్కువ.

ఇప్పుడు సారె. ఎండు కొబ్బరి విమానంలో ఎక్కనియ్యరక్కా. చేతి సంచిలోనూ వద్దంటారు, కింద వేసేదాంట్లోనూ వద్దంటారు. దాంట్లో నూనె ఎక్కువ, దానంతట అదే వేడెక్కి అంటుకునే సరుకుల కింద లెక్క. కర్పూరమూ అంతే, అగ్గిపెట్టె కూడా. చెన్నైలో పెట్టె విప్పించి తీయిస్తారు, అత్త కళ్లముందు అది జరగనియ్యొద్దు. తమలపాకులు, మామిడాకులు, పూలు ఈ దేశంలోకి తేవాలంటే పర్మిట్ కావాల, ఆకులూ మొక్కలూ విత్తనాలూ అన్నిటికీ. ఇవి తేవాల్సిన పని కూడా లేదు. బ్రిక్‌ఫీల్డ్స్ అని కౌలాలంపూరులో మనోళ్ల అంగళ్ల వీధి ఉంది. మల్లెపూలు, తమలపాకులు, కొబ్బరి, కర్పూరం, పసుపు కుంకుమ అన్నీ అక్కడ దొరకతాయి. తమిళంలోనే బేరం చేయొచ్చు. మనం చిత్తూరోళ్లం, తమిళానికి కొదవా?

గంప మాట. ఇక్కడ తెలుగోళ్ల పెళ్లిళ్లు ఈరోజు మొదలైనవి కాదు. వాళ్ల సంఘమే 1955లో పెట్టింది, అప్పుడు మలయా ఆంధ్ర సంఘం అనేవాళ్లు. పెళ్లి అలంకరణ చేసేవాళ్లను అడిగితే పూలు చుట్టిన గంప వాళ్లే తెస్తారు. మీ వదినకు ఒక ఫోను చేస్తే చాలు.

మీ చేతి మీద రావాల్సింది పట్టుచీర, గాజులు, లడ్లు, కజ్జాయాలు, నిప్పట్లు. ఊరగాయ తేవచ్చు, కానీ కింద వేసే పెట్టెలోనే. రెండు కవర్లలో చుట్టి, మూత చుట్టూ టేపు వేసి, ఆ పెట్టెలో మాత్రం పట్టుచీర పెట్టొద్దు.

బంగారానికి ఒక మాట. మీ ఒంటి మీద వేసుకొని వచ్చి మళ్లీ తీసుకుపోయే నగలు భారీగా ఉంటే, పోయేటప్పుడే చెన్నై కస్టమ్స్ వాళ్ల దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ రాయించుకోండి. బిల్లులు, ఫొటోలు పెట్టుకోండి. లేకుంటే తిరిగొచ్చేటప్పుడు ఇది యాడ కొన్నారని అడిగితే చూపించేదానికి ఏమీ ఉండదు. పిల్లకు పెట్టే గాజుల బిల్లు కూడా దగ్గరుంచుకోండి.

వీసా 2023 డిసెంబరు 1 నుంచి మనోళ్లకు అక్కర్లేదు, 30 రోజుల లోపల అయితే. దీన్ని 2026 చివరిదాకా పొడిగించినారు. టికెట్టు తీసే ముందు ఒకసారి సరిచూసుకోండి. పాస్‌పోర్టుకు ఆరు నెలల గడువు మిగిలుండాల. పిల్లలవి చూడండి, వాళ్లవి ఐదేళ్లకే అయిపోతాయి. వచ్చే ముందు మూడు రోజుల లోపల ఆన్‌లైన్లో డిజిటల్ అరైవల్ కార్డు నింపాల, మనిషికి ఒకటి. అది ఉచితం. డబ్బు కట్టమని ఏదైనా సైటు అడిగిందంటే అది దొంగ సైటు. తిరుగు టికెట్టు, వదిన ఇంటి అడ్రసు, శుభలేఖ కాగితం మీద ప్రింటు తీసి చేతిలో పెట్టుకోండి. ఇమిగ్రేషన్ దగ్గర అడిగితే ఫోన్లో వెతుక్కుంటా నిలబడొద్దు.

చదివింపులకు రూపాయలు తేవొద్దు, రింగిట్లు మార్చుకోండి. ఒక రింగిట్ నోటు ఉంది కాబట్టి 51, 101 కవర్లో పెట్టేదానికి ఇబ్బంది లేదు. ప్లగ్గులు ఇక్కడ మూడు చదరపు పుల్లలవి, అడాప్టరు కావాల. పవర్ బ్యాంకు చేతి సంచిలో.

పెళ్లి అయినాక బటు కేవ్స్ పోకుండా ఉండరు, కొండ గుహలో ఉండే సుబ్రహ్మణ్యస్వామి గుడి అది. 272 మెట్లు. అలిపిరి ఎక్కే మీకు అదొక లెక్క కాదు, కానీ ఆ ఉక్కలో మధ్యాహ్నం ఎక్కొద్దు. అత్తను కింద ఉంచండి. కిందనే పెద్ద సుబ్రహ్మణ్యస్వామి విగ్రహం, 140 అడుగులు, పక్కన ఆంజనేయస్వామి గుడి ఉంది, ఆమెకు అదే చాలు. చేతిలో కవరు కనబడితే కోతులు లాక్కుంటాయి, తిరుమల కోతులు వీటి ముందు సాధువులు.

పుత్తూరు టాక్సీ:

చెన్నై ఎయిర్‌పోర్టుకు నేను రోజూ బండి తిప్పతా. అమ్మా, మీకు చెప్పాల్సింది ఒకటే. నవంబరు అంటే తుపాన్ల నెల. 2015 డిసెంబరులో చెన్నై ఎయిర్‌పోర్టు రన్‌వే మీద నీళ్లు నిలిచి రోజుల తరబడి మూసేసినారు. 2023 డిసెంబరులో మిచాంగ్ తుపానుకు మళ్లీ అదే కథ. పెళ్లి ముందురోజుకు దిగేటట్టు టికెట్టు తీసినారంటే, విమానం ఆగితే గంప దగ్గర మేనమామ ఉండడు. కనీసం మూడు నాలుగు రోజులు ముందు పోండి. పెద్దామె ఉక్కకు అలవాటు పడేదానికీ ఆ రోజులు కావాల.

తిరుపతి నుంచి పుత్తూరు, నగరి మీద పోతే మామూలుగా మూడున్నర గంటలు. వానలో, తిరువళ్లూరు దాటినాక ట్రాఫిక్‌లో ఎంతైనా పట్టొచ్చు. విమానానికి మూడు గంటల ముందు అక్కడుండాల, కాబట్టి ఏడెనిమిది గంటల ముందే ఇంట్లో కదలండి. బస్సులో పోదామని అనుకోవద్దు. మన ఆంధ్రా బస్సులు మాధవరంలో దించుతాయి, ఎయిర్‌పోర్టు ఊరికి ఆ కొసన. సప్తగిరి రైల్లో సెంట్రల్ దాకా పోయి మెట్రో ఎక్కితే నేరుగా ఎయిర్‌పోర్టులో దిగొచ్చు, సామాను తక్కువైతే. మీ జాబితా చూస్తే తక్కువయ్యేటట్టు లేదు.

పెద్దామెకు వీల్‌చైర్ కావాలని టికెట్టు తీసేటప్పుడే రాయించండి. అక్కడ ఆ కొసకు ఈ కొసకు నడవాలంటే మాలాంటోళ్లకే కాళ్లు లాగతాయి.

పంచాంగం మాస్టారు:

అమ్మా, శుభలేఖ అచ్చుకు ఇవ్వకండి. ముందు ఇది చూడండి.

ముహూర్తంలో రెండు రకాల లెక్కలు కలిసి ఉంటాయి. తిథి, నక్షత్రం ఏ క్షణంలో మారతాయో ఆ క్షణం ప్రపంచమంతటికీ ఒకటే. వాటికి మీరు రెండున్నర గంటలు కలుపుకుంటే సరిపోతుంది. లగ్నం అలా కాదు. లగ్నమంటే ఆ ఊళ్లో, ఆ క్షణాన, తూర్పున ఉదయిస్తున్న రాశి. ఊరు మారితే అది మారుతుంది. రాహుకాలం, వర్జ్యం అడుగుతారు కదా, వాటిలో రాహుకాలం కూడా ఆ ఊరి సూర్యోదయం నుంచే లెక్క కట్టాలి.

తిరుపతి రమారమి 79 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద ఉంది, కౌలాలంపూరు 101 దాటి ఉంది. డిగ్రీకి నాలుగు నిమిషాల చొప్పున సూర్యుడు అక్కడ గంటన్నర ముందు వస్తాడు. గడియారం మాత్రం రెండున్నర గంటలు ముందు పెట్టుకున్నారు. అందువల్లే నవంబరులో అక్కడ సూర్యోదయం దాదాపు 7 గంటలకు. ఈ రెంటికీ తేడా గంట. కాబట్టి తిరుపతిలో 9:12కు ఉన్న ధనుర్లగ్నం అక్కడి గడియారం ప్రకారం 10 గంటల ప్రాంతంలో నడుస్తుంది. 11:42కు అక్కడ మకరం వచ్చేసి ఉంటుంది. అంటే మీ వదినగారు వేయించబోయేది మీ అయ్యవారు పెట్టిన లగ్నం కాదు.

ఇలా అని మీరే గంట కలుపుకుని 10:12 అని వేయించకండి. నవాంశ, తారాబలం, లగ్నశుద్ధి అన్నీ మళ్లీ చూడాలి. మీ అయ్యవారికే కౌలాలంపూరు అక్షాంశ రేఖాంశాలు ఇచ్చి ఆ ఊరికి కట్టమని అడగండి. అక్కడ పెళ్లి జరిపించే పురోహితుడి చేత కూడా ఒకసారి చూపించండి, ఆయనకు ఇది రోజూ ఉండే పనే. ఆదివారమైతే రాహుకాలం మనకు సాయంత్రం నాలుగున్నర అంటాం, అక్కడ ఐదున్నర దగ్గర మొదలవుతుంది. రిసెప్షన్‌కు బయలుదేరేటప్పుడు మీ అత్తగారు అడుగుతారు, చెప్పడానికి పనికొస్తుంది.

మదనపల్లె పెద్దమ్మ:

అమ్మీ, అందరూ సామాను తగ్గించమనే చెప్తా ఉండారు. సరే, కొబ్బరి ఎక్కనియ్యరంటే ఏం చేస్తాం. కానీ పసుపు కొమ్ములు, కుంకుమ, గాజులు మాత్రం పుట్టింటి నుంచి పోవాల్సిందే. ఆ ఊళ్లో దొరకతాయి కదా అని కొనడం వేరే, తల్లి చేత్తో కట్టి పంపేది వేరే. మీ అత్త ఈ వయసులో విమానం ఎక్కతా ఉండేది కూతురి ఇంటికి వట్టి చేతులతో పోయేదానికా? ఆమె చేత ఒక చిన్న మూట కట్టించు. మిగతా జాబితా ఆమే మర్చిపోతుంది.

ఇంకొకటి. వాళ్లు శ్రీకాకుళం పక్కోళ్లంటివి, మీరు చిత్తూరు పక్కోళ్లు. మేనమామ ఏం పెట్టాల, ఎప్పుడు పెట్టాల, గంప పట్టేది ఎంతమంది, మధుపర్కాలు ఎవరు తేవాల, ఇవి ఇంటికొక తీరుగా ఉంటాయి. నాలుగు తరాలుగా పరాయి దేశంలో ఉన్నోళ్లు మనకంటే పట్టుగా చేస్తారు, మనం వదిలేసినవి కూడా వాళ్ల దగ్గర ఉంటాయి. మీ వదిన చేత వియ్యపురాలిని అడిగించి రాసుకో. పీటల మీద కూర్చున్నాక అది యాడ, ఇది యాడ అని వెతకబాకండి.

కొర్లగుంట కోడలు:

మాస్టారుగారికి దండాలు. మధ్యాహ్నమే వదినకు ఫోను చేసి శుభలేఖ ఆపించినాను. మా అయ్యవారు మొదట కొంచెం మూతి ముడుచుకున్నా, ఊరు వేరు కదా అని రేపు మళ్లీ కట్టిస్తానన్నారు.

పుత్తూరు అన్నా, మీ నంబరు ఇక్కడ పెట్టబాకండి, నేనే వచ్చి బస్టాండు దగ్గర కనుక్కుంటా. నాలుగు రోజులు ముందు దిగేటట్టే తీస్తా ఉన్నాం.

అత్త కొబ్బరి వదులుకుంది. పెద్దమ్మ రాసింది చదివి వినిపిస్తే పసుపు కొమ్ముల మూట అప్పుడే కట్టేసింది కూడా. ఊరగాయ మాత్రం వదలదంట, రెండు కేజీలు. గంప వదిన చూసుకుంటానంది, అలంకరణ వాళ్ల దగ్గర ఉందంట. పెళ్లికొడుకు వాళ్లమ్మ కూడా చెప్పింది, వాళ్లలో గంప నేలకు ఆనించకుండా గది నుంచి పీటల దాకా మోసుకొచ్చేయాలంట. మా ఆయన ఇంతవరకు గంప అంటే ఒక చెయ్యి వేసి ఫొటోకు నిలబడడం అనుకుంటా ఉన్నాడు. ఆయనకు పోయిన ఏడాది నుంచి నడుము నొప్పి. ఒక్కడే మేనమామ అయితే మిగతా చేతులు ఎవరివి?

మదనపల్లె పెద్దమ్మ:

తోడబుట్టినోడే ఉండాలని ఏం లేదు. పెదనాన్న కొడుకులు, చిన్నాయన కొడుకులు, మీ అత్త అక్కచెల్లెళ్ల కొడుకులు, పిల్లకు మేనమామ వరసయ్యే ఎవరైనా పట్టొచ్చు. పెళ్లికొడుకు పక్కోళ్లు పట్టకూడదు, అంతే. ఇద్దరినైనా ఇక్కడి నుంచి బయలుదేరదీయండి, టికెట్లు ఎట్లా తీయలేదు కదా. మీ ఆయనకు నడుముకు కట్టుకునే బెల్టు ఉంటే చేతి సంచిలో పెట్టు, ఊరగాయ పెట్టెలో వేయొద్దు.

క్లాంగ్‌లో చిత్తూరోడు:

వరస కలిస్తే నేనూ ఒక చెయ్యి పడతా అక్కా. మీ వదిన వాళ్లది ఏ ఊరు, మీ అత్త పుట్టిల్లు యాడ, చెప్పండి.